చైనా యుద్ధం ఏటి పసుపు

మొన్న పింఛను తెచ్చుకుందామని పోస్టాఫీసుకు పోతే, అక్కడి గుమాస్తా నా బొటనవేలు పట్టుకుని ఆ చిన్న మిషను మీద నొక్కాడు, తీశాడు, తడిగుడ్డతో తుడిచి మళ్లీ నొక్కాడు, చివరికి ఒక్కో వేలూ పెట్టించి చూసి, "ఏం పని చేసినవ్ అవ్వా, ఒక్క ఏలికన్న గీతల్లేవు" అన్నాడు. వరుసలో నా వెనక నిలబడ్డ నా ఈడు ఆడవాళ్లు ఎవరి చేతులు వాళ్లు తిప్పి చూసుకున్నారు. అందరివీ అంతే. ఆర్మూరు చుట్టుపక్కల పసుపు విరిచి, పసుపు ఏరి, పసుపు తొక్కి బతికినవాళ్లకు గీతలెక్కడ మిగులుతాయి? ఇంటికి వచ్చి ఈ మాట చెబితే నా బిడ్డ బిడ్డ, "అమ్మమ్మా, గా కథంత చెప్పు, నేను రాస్త" అని కాగితాలు ముందేసుకుని కూర్చుంది. నాకు నా పేరు రాయడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం తప్ప అక్షరం రాదు. గొంతు కూడా పసుపు ఉడకబెట్టే కడాయి పొగ తిని తిని ఎప్పుడో బొంగురుపోయింది. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను గానీ, అది మధ్యమధ్య నా మాటను పుస్తకాల మాటగా మారుస్తోంది. మార్చనీ. పాపం, చదువుకున్నది.

నా పెళ్లయి ఆ ఊరికి వచ్చేనాటికి నిజాము పోయి చాలా కాలమైంది, రజాకార్ల మాట చెప్పుకుని భయపడే అలవాటు మాత్రం ఇంకా పోలేదు. ఆర్మూరు నుంచి నందిపేట దారిలో బండి మీద పోతే పొద్దెక్కకముందే చేరే ఊరు మాది. ఇంట్లో మా అత్త, మా బావ, ఆయన భార్య అయిన మా యారాలు, మేమిద్దరం. అత్త చిన్న వయసులో ఉండగానే మామ పోయాడు, ఇద్దరు కొడుకులను ఎత్తుకుని ఆ కొద్దిపాటి భూమిని పట్టుకుని నిలిచిన మనిషి, నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. బావ పొలం చూసుకునేవాడు. నా పెనిమిటికి పొలం పట్టలేదు. పసుపు బస్తాలు మోసే లారీకి క్లీనరుగా పోయి, డ్రైవరై, ఆ బండ్ల యావలోనే ఎవరో చెబితే మిలిటరీలో చేరాడు. మా ఊరి నుంచి పట్టాళానికి పోయినవాడు ఆయనొక్కడే కాబట్టి, సెలవు మీద వచ్చినప్పుడల్లా ఊరంతా మా అరుగు మీదే ఉండేది. కడపటిసారి వచ్చినప్పుడు మంచు కొండల గురించి చెప్పాడు. ఉప్పు కుప్పలు పోసినట్టుంటాయట, లారీ చక్రం జారితే కిందికి చూడటానికి కూడా ఏమీ ఉండదట. మా అత్త అదంతా విని, "మరి గా ఉప్పుల ఏం పండుతదిరా, దానికోసం కొట్లాడనీకె?" అని అడిగింది. ఆయన నవ్వాడు. అప్పటికి నా బిడ్డ ఇంకా గోడ పట్టుకుని నడుస్తోంది.

ఆ ఏడు దసరా పోయి, దీపావళి ఇంకా రాకముందు, చైనావాళ్లు మీద పడ్డారని తెలిసింది. మా ఊళ్లో రేడియో లేదు. ఆర్మూరులో ఒక చాయ్ హోటల్ ముందు జనం నిలబడి వినేవారు, మా బావ రోజూ సైకిలు మీద పోయి విని వచ్చి చెప్పేవాడు. మొదట్లో అంతా చెప్పేవాడు. తర్వాత తర్వాత సైకిలు గోడకు ఆనించి, కాళ్లు కడుక్కుని, ఏమీ చెప్పకుండా లోపలికి పోయేవాడు. మనవాళ్లు వెనక్కి వస్తున్నారన్న మాట తప్ప చెప్పడానికి ఏం ఉండేది గనక? మీలో నా ఈడువాళ్లుంటే మీకు గుర్తుండే ఉంటుంది, ఊరూరా బంగారం అడిగారు, కంబళ్లు అడిగారు. మా అత్త చెవులకున్నవి తీసి ఇచ్చింది. ఆ దీపావళికి దీపాలు పెట్టాలా వద్దా అని కూడా ఎవరికీ తెలియలేదు. కొందరు పెట్టారు, కొందరు పెట్టలేదు, పెట్టినవాళ్లు కూడా పిల్లలను తిట్టుకుంటూ పెట్టారు.

యుద్ధం ఆగిపోయిందని రేడియో చెప్పిన రోజు ఒక్కరి ముఖంలో కూడా కళ లేదు. గెలిచి ఆగిపోతే ఒక తీరు, ఓడి ఆగిపోతే ఒక తీరు, ఇది ఎదుటివాడు చాలనుకుని ఆపితే ఆగిన యుద్ధం. చదువుకున్నవాళ్లు సిగ్గుతో ఆర్మూరు అంగట్లో తలలు వంచుకుని తిరిగేవారని మా బావ చెప్పాడు. నాకు ఆ సిగ్గు తెలియదు. నాకు తెలిసింది ఒకటే, కొన్నాళ్లకు ఊరి పటేలు మా ఇంటికి వచ్చి, గడప లోపలికి రాకుండానే, నా పెనిమిటి ఆచూకీ తెలియడం లేదని పైనుంచి చెప్పారని చెప్పిపోయాడు. చనిపోయాడని చెప్పలేదు, ఉన్నాడనీ చెప్పలేదు. కొందరిని చైనావాళ్లు పట్టుకుపోయారు కాబట్టి వాళ్లలో ఉన్నా ఉండొచ్చు అన్నాడు. ఆ "ఉన్నా ఉండొచ్చు" అన్న ముక్కే మా అత్తకు వినబడింది.

అక్కడి నుంచి నేను ఏమిటన్నది నాకే తెలియకుండా పోయింది. ముత్తైదువనా, కాదా? ఏ ఇంట పేరంటమైనా పసుపు పళ్లెం పట్టుకుని వరుసగా కాళ్లకు రాసుకుంటూ వచ్చే చెయ్యి, నా దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం గాలిలో ఆగేది. రాస్తే ఒక తప్పు, రాయకుండా దాటితే ఇంకొక తప్పు. కర్మ చేయకపోతే ఆయన ఆత్మ తిరుగుతూనే ఉంటుందని కొందరు, బతికున్నవాడికి కర్మ చేస్తే ఇంతకన్నా పాపం లేదని కొందరు. మా అత్త వీళ్లెవరితోనూ మాట్లాడేది కాదు. పొద్దున్నే నన్ను పీట మీద కూర్చోబెట్టి, గిన్నెలో పసుపు కలిపి, నా కాళ్లకు మడమల దాకా తనే దట్టంగా పట్టించేది. కోడలి కాళ్లకు అత్త పసుపు రాయడం మా దిక్కు ఎక్కడుంది? నా కాళ్లు పచ్చగా ఉన్నంతసేపు అక్కడెక్కడో తన కొడుకు ఊపిరి తీస్తున్నాడని ఆమె నమ్మకం. ఆమె రాస్తుంటే నాకు ఏడుపు కూడా వచ్చేది కాదు. అలసట వచ్చేది. ఉంటే ఉన్నాడని, లేకపోతే లేడని ఎవరైనా తేల్చి చెబితే ఇంత పడుకుని లేస్తాను కదా అనిపించేది. పసుపు వాసన తగిలితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని. పసుపు పండే ఊళ్లో ఆ వాసన తప్పించుకుని ఎక్కడికి పోతాం?

సంక్రాంతి దాటాక ఆకు కోసి పసుపు తవ్వడం మొదలైంది. దేశానికేమైనా, ఇంటికేమైనా, భూమిలో ఉన్నది ఎండాకాలం లోపల తవ్వక తప్పదు. తవ్విన పచ్చి కొమ్ములను ఉడకబెట్టడానికి మా నాలుగిళ్ల పాలివాళ్లకు, అంటే దాయాదులకు, కలిపి ఒక పెద్ద ఇనుప కడాయి ఉండేది, మనిషి అందులో దిగి కూర్చోగలిగినంతది. పొలం గట్టున పొయ్యి తవ్వి దాని మీద పెట్టి, ఒకరి తర్వాత ఒకరు ఉడకబెట్టుకునేవాళ్లం. ఎవరి పసుపుతో మొదలుపెడితే ఆ ఇంటి చిన్నకోడలు కడాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మొదటి నిప్పు ముట్టించాలి. అది ముత్తైదువ చేస్తేనే రంగు నిలుస్తుందని, లేకపోతే లోపల నల్లబడుతుందని మా వాళ్ల పట్టింపు. ఆ ఏడు మొదటి వంతు మాదే. మా కొమ్ములు తక్కువైతే మా పాలివాళ్ల పెద్దమ్మ తమవి కొన్ని తెచ్చి కలిపింది.

మంచు ఇంకా విడవలేదు. కూలీలు, పాలివాళ్లు అందరూ గట్టు మీద ఉన్నారు. మా అత్త కుంకుమ పళ్లెం తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను అడుగు వేయకముందే పెద్దమ్మ గొంతు సవరించుకుంది.

"ఏమే, ఈ ఏడు పెద్దకోడలితోని ముట్టియ్యరాదు? చిన్నదాని సంగతి ఇంక తేలకపాయె."

"తేలకపోతే నా కొడుకు ఉన్నట్టే" అంది మా అత్త.

"ఉంటె మంచిదే, నేనొద్దంటున్ననా? గని కడాయిల మా పసుపు గూడ ఉన్నది. రేపు రంగు చెడిపోతె నీ కోడల్నే అంటరు. దాని మంచికే చెప్తున్న."

నేను పళ్లెం మా యారాలి వైపు చాచాను. "అక్కా, నువ్వే పెట్టు. నాతోని కాదు" అన్నాను. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. నన్ను ఏనాడూ ఒక మాట అనని మనిషి, కళ్లలో నీళ్లు నింపుకుని, "నేను పెట్టనే చెల్లె. నేను పెడితె మరిది లేడని మనింట్ల మనమే చాటిచ్చినట్టయితది" అంది.

ఆ మాట తర్వాత ఎవరికీ దారి లేదు. నేను పెడితే రంగు భయం, ఆమె పెడితే ప్రాణం భయం. కట్టెలు పేర్చి ఉన్నాయి, కడాయి నిండి ఉంది, పళ్లెం ఇంకా నా చేతిలోనే ఉంది. మా అత్త ఒకసారి అందరినీ చూసింది. వచ్చి పళ్లెం నా చేతిలోంచి లాక్కుంది.

"మీకు అనుమానం లేని ముండమోపిని నేనున్న గద" అంది. "నా మొగడు సచ్చిండని ఊరందరికి ఎరుకే."

బావ "అవ్వా!" అని ముందుకొచ్చాడు.

"ఏందిరా? కట్టె నా పుస్తె చూసి మండుతదా? జరగు."

ఆమె కడాయికి అడ్డంగా పసుపు పూసింది, ఐదు చోట్ల బొట్లు పెట్టింది, వంగి ఎండిన పసుపాకుల కట్టకు నిప్పంటించి పొయ్యిలోకి తోసింది. మామ పోయిన తర్వాత ఆమె చెయ్యి కుంకుమను తాకడం ఎవరూ చూడలేదు. ఆకులు చిటపటమని అంటుకున్నాయి. ఒక కూలి మనిషి, "ఇగ రంగు రాకపోతె పెద్దవ్వను ఉడకబెడ్దాం" అంటే, పెద్దమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఉడికినంతసేపు ఎవరూ ఆ మాట ఎత్తలేదు గానీ అందరి మనసూ కడాయి మీదే ఉంది. పైన కప్పిన ఆకుల సందుల్లోంచి ఆవిరి రావడం మొదలై, ఆ వాసన గట్టంతా కమ్ముకున్నాక, పెద్దమ్మే అందరికన్నా ముందు పోయి ఒక కొమ్ము పైకి తీసి, చీపురుపుల్ల గుచ్చి చూసి, ఊదుకుంటూ రెండుగా విరిచింది. మేమందరం మెడలు చాచాం. నేను అంతకుముందు ఎన్నో ఏళ్లు ఎన్నో కొమ్ములు విరిచాను గానీ, విరిచిన పసుపు లోపలి రంగును ఆ రోజు చూసినట్టు ఎన్నడూ చూడలేదు. పొద్దు పొడిచేటప్పుడు గుట్ట వెనక మొదట కనిపించే ముక్క ఉంటుంది చూడండి, అదే రంగు, పొగలు కక్కుతూ ఆమె అరచేతిలో ఉంది. పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగనే ఉన్నది" అంది. అప్పుడు మా అత్త వైపు చూడకుండా, "మా వంతుకు గూడ నువ్వే రా" అంది.

ఆ తర్వాత ఆరబెట్టే రోజులు. ఊరి బయట గట్టినేల మీద ఎటు చూసినా పసుపే. నేను కొంగు కప్పుకుని కొమ్ములు తిప్పిపోస్తూ ఉండేదాన్ని. ఒక పొద్దున తలెత్తి చూస్తే, మా తెల్ల ఆవుదూడ తెల్లవారుజామున కట్టు తెంపుకుని పోయి, రాలిన పొట్టు కుప్పలో పడుకుని లేచినట్టుంది, ఒక పక్క తెల్లగా, ఒక పక్క బంగారంలా, ఏమీ ఎరగని ముఖం పెట్టుకుని నా బిడ్డ చేతిలోని రొట్టె నాకుతోంది. నా బిడ్డ కూడా ముక్కు దాకా పసుపే. దూడను చూసి అది నవ్వితే, దాన్ని చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చాక గానీ తెలియలేదు, దీపావళి ముందు నుంచీ నేను నవ్వలేదని. దూరంగా ఆర్మూరు గుట్ట నల్లరాళ్లు, కింద ఈ పసుపు, మధ్యలో ఆ దూడ. ఆయన వస్తాడని నాకు ఆ పొద్దున నమ్మకం కలిగిందంటే అబద్ధమవుతుంది. రేపు కూడా పొద్దున్నే లేచి వచ్చి ఇది చూడాలనిపించింది, అంతే. అంతవరకూ లేవడం ఒక్కటే నాకు చాతకాని పనిగా ఉండేది. దేశమంతా తలవంచుకున్న ఆ ఏడు కూడా పసుపు తన రంగు తాను తెచ్చుకుంది, ఎవరి అనుమతీ అడగలేదు.

ఎండలు ముదిరాక యారాలూ నేనూ ఊరి ఆడవాళ్లతో కలిసి ఆర్మూరు అంగట్లో పసుపు తొక్కే పనికి పోయాం. ఎండిన కొమ్ముల పై పొట్టు పోయి నునుపు రావడానికి కాళ్లకు గోనెపట్టా చుట్టుకుని కుప్పల మీద నడవాలి. ఎంత చుట్టినా దుమ్ము లోపలికి పోతుంది, మడమ పగుళ్లలో దిగుతుంది, గోళ్ల కింద దిగుతుంది, ఉమ్మినా పచ్చగానే. మా అత్త పొద్దున్నే గిన్నె తెచ్చి, నా కాళ్లు చూసి, ఎక్కడ రాయాలో తెలియక గిన్నె తిరిగి లోపల పెట్టేసేది.

ఆ ఎండల్లోనే చైనావాళ్లు పట్టుకున్న మనవాళ్లు తిరిగి వచ్చారు. వాళ్లలో డిచ్‌పల్లి దిక్కు మనిషి ఒకడు మా ఊరు వెతుక్కుంటూ వచ్చాడు. నా పెనిమిటి వెనక లారీ నడిపినవాడు. మనిషి సగమై ఉన్నాడు. మా అరుగు మీద కూర్చుని, నీళ్లు తాగి, తన ముందున్న ఆయన లారీ మలుపులో ఎట్లా పోయిందో, తాను కిందికి ఎంతసేపు చూశాడో, చూడటానికి ఏం లేకపోయిందో చెప్పాడు. మా అత్త అంతా విని, "తిని పో బిడ్డా" అని లోపలికి లేచిపోయి, అతనికి జొన్నరొట్టె చేసింది. అతను తిని పోయిన తర్వాతనే ఏడ్చింది.

ఆనవాయితీ ప్రకారం చేయవలసింది చేయడానికి ఆడవాళ్లు వచ్చారు. పెరట్లో బండ మీద కూర్చోబెట్టారు. పుస్తెలు తీశారు, గాజులు పోయాయి, మెట్టెలు పోయాయి. కడపటికి ముఖం, కాళ్లు కడిగి పసుపు తీయాలి. ముఖం మీదిది వచ్చింది. కాళ్లది రాలేదు. కుంకుడు పోసి రుద్దారు, బూడిద పెట్టి రుద్దారు, కొబ్బరిపీచుతో రుద్దారు. నీళ్లు పచ్చగా బీరపాదు మొదట్లోకి పారుతూనే ఉన్నాయి, కాళ్లు పచ్చగానే ఉన్నాయి.

"పోతలేదు పెద్దమ్మా" అంది మా యారాలు.

"గట్టిగ రుద్దు."

"గట్టిగనే రుద్దుతున్న. ముందుగాల నీ చేతులు చూసుకో."

పెద్దమ్మ తన చేతులు చూసుకుంది. అందరూ చూసుకున్నారు. తెల్లారిందగ్గర నుంచి పసుపు తొక్కీ ఏరీ నేరుగా మా పెరట్లోకి వచ్చిన చేతులవి. కడుగుతున్నకొద్దీ నాకు పసుపు అంటిస్తున్నది వాళ్లే. ఎవరో ఒక చిన్న కూత పెట్టారు, నవ్వో ఏడుపో నాకు ఇప్పటికీ తెలియదు. మా అత్త వాకిట్లోంచి వచ్చి దొడ్డి తలుపు పట్టుకుని నిలబడింది. నా కాళ్లను, వాళ్ల చేతులను చూసింది.

"ఊర్లె పసుపంటని ఆడిది ఎవ్వతన్న ఉంటె తీస్కరాండ్రి" అంది. "ఆమెతోని కడిగిపిద్దాం."

పెద్దమ్మ చెంబు బండ మీద పెట్టేసి, కొంగుతో నా కాళ్లు తుడిచి, లేచింది. ఆ తర్వాత నేను బొట్టు పెట్టుకోలేదు, గాజు వేసుకోలేదు, పేరంటాలకు పిలిచినవాళ్లు లేరు, నేను పోయిందీ లేదు. నా కాళ్ల మాట మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్లకు అంగట్లో కుప్పల మీద నా చోట నేను నడుస్తున్నాను. పక్కన మా యారాలు, చుట్టూ పదిమంది, ఎవరి కాళ్లు ముత్తైదువవో ఎవరివి కావో చూస్తే చెప్పడం ఆ దేవుడి తరం కూడా కాదు.

ఇప్పుడు మా దిక్కు కడాయిలు లేవు. ట్రాక్టరు మీద బాయిలరు వస్తుంది, మీట నొక్కితే ఆవిరి పడుతుంది, ఎవరు నొక్కారని అడిగేవారు లేరు. అది మంచిదే. పొట్టు తీయడానికి డ్రమ్ములు తిరుగుతాయి, కాళ్లతో తొక్కమంటే పిల్లలు నవ్వుతారు. పొట్లంలో వచ్చే పసుపు చేతికి అంటదు, అంటినా ఒక్క కడుగుడుకు పోతుంది. పెద్దమ్మ లేదు, యారాలు లేదు, మా అత్త పోయి ఎన్ని ఎండాకాలాలైందో. వీధిలో ఒకరి కష్టానికి చెంబు పట్టుకుని, పనిలోంచి లేచి వచ్చి నిలబడే ఆడవాళ్లు కూడా ఇప్పుడు ఎక్కడున్నారు?

ఇప్పటికీ సరిహద్దులో ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. టీవీలో చూపిస్తారు. జెండా కప్పిన పెట్టె, పూలు, నాయకులు, పెద్దపెద్ద మాటలు. ఇంట్లోవాళ్లంతా ఆ పెట్టె వైపు చూసి కళ్లు తుడుచుకుంటారు. నేను మంచం మీద లేచి కూర్చుని, ఆ గుంపులో గోడకు ఆనించి కూర్చోబెట్టిన అతని పెళ్లాం కోసం వెతుకుతాను, ఆ పిల్ల కాళ్లు ఎట్లా ఉన్నాయో చూద్దామని. వాళ్లు ఎప్పుడూ ముఖమే చూపిస్తారు.